ఎస్‌ఎస్‌డీకి నిద్ర పడితేనే బ్యాటరీ నిలుస్తుంది

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఏ షాపు ముందు నిలబడి ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లను చిప్‌లలో దాచే డ్రైవ్) కావాలన్నా కౌంటర్ అవతలి నుంచి వచ్చే ప్రశ్నలు రెండే. ఫైవ్ ట్వెల్వా, వన్ టీబీయా? జెన్ త్రీయా, జెన్ ఫోరా? మొదటిది ఎంత పట్టాలన్న లెక్క, రెండోది ఏ తరం వేగమన్నది. కొనేవాళ్లు అడిగేవీ రెండే: రేటెంత, స్పీడెంత. అది వెళ్లి కూర్చునేది ల్యాప్‌టాప్‌లో అయినప్పుడు ఇంకొకటి కూడా అడగాలి. పనేమీ లేనప్పుడు ఈ డ్రైవ్ ఎంత కరెంటు తాగుతుంది? ఆ మాట ఎవరి నోటా రాదు. వచ్చినా జవాబు అట్టపెట్టె మీద దొరకదు. పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉండేది సెకనుకు 7,000 ఎంబీ అన్న అంకె ఒక్కటే. ఆ వేగంతో డ్రైవ్ పరుగెత్తేది రోజు మొత్తం మీద ఏ కొద్ది నిమిషాలో. మిగతా సమయమంతా అది ఊరికే ఉంటుంది. బ్యాటరీ లెక్క తేలేది ఆ ఊరికే ఉన్న సమయంలోనే.

లేబుల్ మీది అంకె, లోపలి అంకె

ఎం.2 డ్రైవ్‌ను, అంటే స్లాట్‌లో గుచ్చే పట్టీలాంటి ఎస్‌ఎస్‌డీని, చేతిలోకి తీసుకుని స్టిక్కర్ చదివితే ఒక మూల చిన్న అక్షరాల్లో వోల్టులు, ఆంపియర్లు కనిపిస్తాయి. 3.3 వోల్టులు, 2.5 ఆంపియర్లు అని ఉందనుకుందాం. గుణిస్తే ఎనిమిది వాట్ల పైచిలుకు. మామూలు వాడకంలో ల్యాప్‌టాప్ మొత్తం తాగేదే ఆరేడు వాట్లయితే, చూయింగ్ గమ్ పట్టీ అంత ఉన్న ఈ ముక్క ఒక్కటే ఎనిమిది వాట్లు తింటుందా అని కంగారుపడేవాళ్లు ఉన్నారు. ఆ అంకె ఇంటి మీటర్‌కు మంజూరైన లోడ్ లాంటిది. 3 కిలోవాట్ల లోడ్ ఉన్నంత మాత్రాన నెల పొడుగునా 3 కిలోవాట్లు కాలుతున్నట్టు ఎవరూ అనుకోరు. స్టిక్కర్ చెప్పేదీ అంతే: అవసరం పడితే ఇంత కరెంటు ఇవ్వడానికి స్లాట్ సిద్ధంగా ఉండాలని.

అసలు లెక్క డ్రైవ్ లోపల రాసి ఉంటుంది. ప్రతి ఎన్‌వీఎంఈ డ్రైవ్ (కంప్యూటర్‌తో ఇప్పటి వేగమైన ఎస్‌ఎస్‌డీలు మాట్లాడే భాష ఎన్‌వీఎంఈ) తనకు ఎన్ని పవర్ స్థితులున్నాయో, ఒక్కో స్థితిలో గరిష్ఠంగా ఎంత తాగుతుందో, ఆ స్థితి నుంచి లేవడానికి ఎంతసేపు పడుతుందో ఒక పట్టికగా దాచుకుంటుంది. కంప్యూటర్ అడిగితే చెబుతుంది. 2018లో వచ్చిన సామ్‌సంగ్ 970 ఈవోను అడిగితే ఐదు స్థితులు బయటపెడుతుంది. సున్నా నుంచి రెండు దాకా పనిచేసే స్థితులు: 6.2 వాట్లు, 4.3 వాట్లు, 2.1 వాట్లు. మూడు, నాలుగు నిద్ర స్థితులు. మూడోది కునుకు లాంటిది: 40 మిల్లీవాట్లు, లేవడానికి 1.2 మిల్లీసెకన్లు. నాలుగోది గాఢనిద్ర: 5 మిల్లీవాట్లు, లేవడానికి 8 మిల్లీసెకన్లు. పైమెట్టుకూ అడుగుమెట్టుకూ మధ్య తేడా పన్నెండు వందల రెట్ల పైమాటే. లేవడానికి పట్టే ఆ 8 మిల్లీసెకన్లు ఫైల్ తెరిచే మనిషికి తెలియనే తెలియవు.

డ్రైవ్ తనంతట తాను ఈ మెట్లు దిగడానికి ఎన్‌వీఎంఈ ప్రమాణంలోనే ఏర్పాటు ఉంది. ఏపీఎస్‌టీ అంటారు. ఆపరేటింగ్ సిస్టమ్ ముందుగానే చెప్పిపెడుతుంది: ఇన్ని మిల్లీసెకన్లు ఎవరూ పిలవకపోతే మూడో మెట్టుకు దిగు, ఇంకొంతసేపు చూసి నాలుగో మెట్టుకు వెళ్లు అని. ఆ తర్వాత ఎవరూ గుర్తుచేయక్కర్లేదు. విండోస్ ఇదే పనిని తన డ్రైవర్ ద్వారా, తన గడువుల ప్రకారం చేయిస్తుంది. లినక్స్‌లో ఏపీఎస్‌టీ 2017లో వచ్చిన 4.11 కెర్నెల్‌తో (కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) మొదలైంది. అంతకుముందు లినక్స్ ల్యాప్‌టాప్‌లలో ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లు రోజంతా మెలకువగానే ఉండేవి. "విండోస్‌లో ఏడు గంటలొచ్చే బ్యాటరీ ఉబుంటులో ఐదే వస్తోందేంటి" అన్న ఆ రోజుల లినక్స్ గోడులో కొంత వాటా దీనిదే.

ఇప్పుడు కాస్త గుణకారం, భాగహారం. బ్యాటరీ 50 వాట్-అవర్లది, అంటే 50 వాట్లు గంటసేపు ఇవ్వగలది అనుకుందాం. బ్రౌజర్, వర్డ్, కాస్త పాటలు. ఇలాంటి తేలికపాటి పనికి ల్యాప్‌టాప్ మొత్తం 6 వాట్లు తాగుతోందనుకుంటే 8 గంటల 20 నిమిషాలు వస్తుంది. డ్రైవ్ గాఢనిద్ర బదులు 40 మిల్లీవాట్ల కునుకుతోనే సరిపెట్టుకుంటే పోయేది 3 నిమిషాలు. పోతే పోనీ. అదే డ్రైవ్ అసలు నిద్రే పోకుండా అదనంగా అర వాట్ తాగుతూ కూర్చుంటే 7 గంటల 41 నిమిషాలకు పడిపోతుంది. ఒక వాట్ అయితే 7 గంటల 9 నిమిషాలు. అంటే 70 నిమిషాలు గాలికి పోయినట్టు, అదీ ఒక్క ఫైల్ కూడా కాపీ చేయకుండానే.

బుద్ధిగా నిద్రపోయే రెండు డ్రైవ్‌ల మధ్య తేడా నిమిషాల్లో ఉంటుందని, నిద్రపోయే డ్రైవ్‌కూ పోని డ్రైవ్‌కూ మధ్య తేడా గంట దాకా వెళ్తుందని ఈ లెక్కలోనే తేలిపోతోంది. ఏ కంపెనీది 3 మిల్లీవాట్లు, ఏ కంపెనీది 5 మిల్లీవాట్లు అని స్పెక్ షీట్లు పక్కపక్కన పెట్టుకుని తల బద్దలుకొట్టుకోవడం అనవసరం.

లోయర్ బెర్త్ మనిషి

డ్రైవ్ ఒక్కటే మేలుకుని ఉంటే నష్టం దాని వాటా వరకే అయితే కథ ఇంతటితో అయిపోయేది. చిక్కు అక్కడ లేదు.

విశాఖ నుంచి హైదరాబాద్‌కు రాత్రి బండిలో స్లీపర్ క్లాసులో వెళ్లినవాళ్లకు మిడిల్ బెర్త్ బాధ తెలుసు. లోయర్ బెర్త్ మనిషి కూర్చుని కబుర్లు చెబుతున్నంతసేపు మిడిల్ బెర్త్ ఎత్తడానికి లేదు. ఆయన నడుం వాలిస్తే తప్ప మధ్యవాడికి నిద్ర యోగం లేదు. ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్‌ది అచ్చం ఆ మిడిల్ బెర్త్ పరిస్థితి. ఇంటెల్ చిప్‌లలో ఒక్కో కోర్ (లెక్కలు చేసే భాగం) నిద్రపోవడం వేరు, చిప్ మొత్తం ప్యాకేజీగా నిద్రపోవడం వేరు. ప్యాకేజీ నిద్రలో కూడా మెట్లున్నాయి. కొత్త ల్యాప్‌టాప్ చిప్‌లలో అన్నిటికన్నా లోతైనది పీసీ10. ఆ లోతుకు దిగాలంటే చిప్‌కు తగిలించి ఉన్న ప్రతి పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింక్ (పరికరాలను చిప్‌కు కలిపే దారి) ముందు కళ్లు మూసుకోవాలి. ఎస్‌ఎస్‌డీ వేలాడేది అలాంటి లింక్ మీదే.

లింక్ నిద్రను ఏఎస్‌పీఎం అంటారు. దాని లోతైన మెట్టు ఎల్1.2. డ్రైవ్, మదర్‌బోర్డ్, బయోస్ (బోర్డు మీదుండే తొలి సాఫ్ట్‌వేర్), ఆపరేటింగ్ సిస్టమ్ నాలుగూ ఒప్పుకుంటేనే లింక్ ఆ మెట్టుకు దిగుతుంది. నలుగురిలో ఒక్కరు కాదన్నా లింక్ మెలకువగా ఉంటుంది, దానితోపాటు ప్రాసెసర్ ప్యాకేజీ కూడా పైమెట్టు మీదే ఆగిపోతుంది. మీటర్ పెట్టి కొలిచినా డ్రైవ్ తాగుతున్నది అర వాటే కనిపించొచ్చు. దాని వల్ల చిప్ తాగుతున్న అదనపు వాట్ మాత్రం డ్రైవ్ ఖాతాలో పడదు. తప్పు ఒకరిది, బిల్లు ఇంకొకరిది.

ఎన్‌వీఎంఈకి ముందు డ్రైవ్‌లను కలిపిన పాత లింక్ సాటా. ఆ రోజుల్లోనూ ఇదే గొడవ. లినక్స్‌లో చాలాకాలం సాటా లింక్ పొదుపును డిఫాల్ట్‌గా ఆపి ఉంచేవారు. ఆన్ చేస్తే కొన్ని డిస్క్‌లలో డేటా చెడిపోయే ప్రమాదం ఉందన్న భయం. రెడ్ హ్యాట్ ఇంజినీర్ హాన్స్ డి గోడె విండోస్ డ్రైవర్ పాటించే పద్ధతికి దగ్గరగా ఉండే కొత్త సెట్టింగ్ ఒకటి కెర్నెల్‌లో చేర్చాక, 2018లో ఫెడోరా 28 అనే లినక్స్ దాన్ని డిఫాల్ట్ చేసింది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఖాళీగా ఉన్నప్పటి వాడకం సుమారు ఒక వాట్ తగ్గింది. డ్రైవ్ మారలేదు, బ్యాటరీ మారలేదు, లింక్‌కు నిద్ర దొరికిందంతే. ఒక సాటా ఎస్‌ఎస్‌డీ తానొక్కటే ఆదా చేయగలిగింది అంతుండదు. ఆ వాట్‌లో పెద్ద భాగం వెనకాల ప్రాసెసర్ నిద్రలోకి జారుకోవడం వల్ల వచ్చిందే.

దీని చెడ్డ ముఖం చూడాలంటే ల్యాప్‌టాప్ మూత మూసి బ్యాగులో పెట్టాలి. పాత ఎస్3 స్లీప్‌లో ర్యామ్‌కు తప్ప దాదాపు దేనికీ కరెంటు ఉండేది కాదు. ఇప్పటి విండోస్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఉన్నది మోడర్న్ స్టాండ్‌బై. ఫోన్‌లాగా పైకి నిద్ర, లోపల కోడికునుకు. ఈ పద్ధతిలో ఎస్‌ఎస్‌డీకి కరెంటు పూర్తిగా కట్ కావాలన్న నియమం లేదు. తనంతట తాను అడుగుమెట్టుకు దిగాలి. దిగితే మెషిన్ మొత్తం పావు వాట్ చుట్టుపక్కల ఉంటుంది. రాత్రి ఎనిమిది గంటల నిద్రకు 2 వాట్-అవర్లు, అంటే 50 వాట్-అవర్ల బ్యాటరీలో 4 శాతం. డ్రైవ్ దిగనని మొండికేసి మెషిన్‌ను ఒకటిన్నర వాట్ దగ్గర నిలబెడితే అదే ఎనిమిది గంటల్లో 12 వాట్-అవర్లు, 24 శాతం. రాత్రి వందతో పడుకున్న ల్యాప్‌టాప్ పొద్దున డెబ్బై ఆరుతో లేస్తుంది, పైగా బ్యాగులో చేయి పెడితే వెచ్చగా తగులుతుంది. కొత్త ఎస్‌ఎస్‌డీ వేయించిన వారం లోపే ఈ లక్షణం కనిపించినా, తిట్లు పడేది ఎక్కువగా బ్యాటరీకే.

హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేస్తే

పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ల ప్రశ్న వేరు. తిరిగే హార్డ్ డిస్క్ తీసేస్తే బ్యాటరీ ఎంత పెరుగుతుంది? షాపులో చెప్పే "డబుల్ అవుద్ది సార్" అన్న మాట వేగానికి వర్తిస్తుంది, అదీ తక్కువ చేసి చెప్పినట్టే. బ్యాటరీకి మాత్రం వర్తించదు.

రెండున్నర అంగుళాల హార్డ్ డిస్క్ చదివేటప్పుడు, రాసేటప్పుడు తాగేది సుమారు రెండు వాట్లు. లోపలి పళ్లెం తిరుగుతూ ఊరికే ఉంటే అర వాట్ నుంచి ముప్పావు వాట్ దాకా. ఆగిన పళ్లెం మళ్లీ తిరగడం మొదలెట్టే ఆ మూడు నాలుగు సెకన్లు మాత్రం 5 వాట్ల దగ్గరికి వెళ్తుంది. పాత మెషిన్ మొత్తం 11 వాట్లు తాగుతుంది, బ్యాటరీలో ఇంకా 45 వాట్-అవర్లు మిగిలి ఉన్నాయి అనుకుంటే 4 గంటల 5 నిమిషాలు. ఎస్‌ఎస్‌డీ వల్ల 0.8 వాట్ మిగిలితే 4 గంటల 25 నిమిషాలు. లాభం ఇరవై నిమిషాలు. నాలుగేళ్ల బ్యాటరీ అయితే ఆ 45 కాస్తా 25కు దిగి ఉంటుంది, లాభం కూడా పది పన్నెండు నిమిషాలకు కుంచించుకుపోతుంది. అలాంటి మెషిన్‌కు బ్యాటరీ నిలవాలంటే బ్యాటరీయే మార్చాలి. ఎస్‌ఎస్‌డీ వేయించడం ఎలాగూ మంచిదే, ఆ కారణం వేరు.

ఇక్కడే ఇంకో పాత అలవాటు సంగతి. హార్డ్ డిస్క్‌ను కొన్ని నిమిషాల తర్వాత ఆపే సెట్టింగ్‌ను బ్యాటరీ కోసమని బాగా కుదించి పెట్టుకునేవాళ్లుండేవారు. పళ్లెం మళ్లీ తిరగడానికి అయ్యే ఖర్చు దాదాపు 20 జౌళ్లు. ఆగి ఉన్నప్పుడు మిగిలేది సెకనుకు అర జౌల్. కనీసం 40 సెకన్లయినా ఆగకపోతే అసలుకే నష్టం. బ్రౌజర్ అరనిమిషానికోసారి ఏదో ఒకటి రాసే ఈ రోజుల్లో డిస్క్ ఆగడం, వెంటనే లేవడం, మళ్లీ ఆగడం. బ్యాటరీ మిగలకపోగా హెడ్ ఎక్కిదిగే ఆయుష్షు తరుగుతుంది. ఎస్‌ఎస్‌డీకి ఈ లెక్క లేదు, సెకనులో పదిసార్లు కునుకు తీసినా దానికి అరుగుదల లేదు.

సాటా ఎస్‌ఎస్‌డీల్లో డెవ్‌స్లీప్ అనే మాట కనిపిస్తుంది. ఇంటెల్ హాస్‌వెల్ చిప్‌ల కాలం అల్ట్రాబుక్‌ల (పలుచటి ల్యాప్‌టాప్‌ల) కోసం వచ్చిన ఏర్పాటు అది. డ్రైవ్‌ను కొద్ది మిల్లీవాట్లకు దించుతుంది. దానికంటే పాత ల్యాప్‌టాప్‌లో డ్రైవ్‌కు డెవ్‌స్లీప్ ఉన్నా పిలిచేవాడు ఉండడు. మామూలు లింక్ నిద్రలో కూడా మంచి సాటా డ్రైవ్ 30 నుంచి 50 మిల్లీవాట్లకు దిగుతుంది కాబట్టి పాత మెషిన్‌కు డెవ్‌స్లీప్ లేదని బెంగ అక్కర్లేదు.

వేగంగా పరుగెత్తేది ఎక్కువ తింటుందా?

జెన్ 4 డ్రైవ్ వద్దు, ఎక్కువ కరెంటు తాగుతుంది అన్న మాట తరచూ వినిపిస్తుంది. సగం నిజం. వాట్లు చూస్తే ఎక్కువే. బ్యాటరీ నుంచి పోయేది వాట్లు మాత్రం కావు, వాట్లను సెకన్లతో గుణిస్తే వచ్చే జౌళ్లు. 10 జీబీ సినిమా కాపీ చేయాలి. సెకనుకు 3 జీబీ రాసే ఎన్‌వీఎంఈ డ్రైవ్ 5 వాట్లు తాగుతూ మూడున్నర సెకన్లలోపు ముగిస్తుంది: సుమారు 17 జౌళ్లు. సెకనుకు అర జీబీ రాసే సాటా డ్రైవ్ రెండున్నర వాట్లే తాగుతుంది, కానీ 20 సెకన్లు కూర్చుంటుంది: 50 జౌళ్లు. హార్డ్ డిస్క్‌కు 100 సెకన్లు, 200 జౌళ్లు. ఆ 100 సెకన్లూ స్క్రీన్, ప్రాసెసర్, ర్యామ్ ఎదురుచూస్తూ తాగేది దీనికి అదనం. గబగబా తిని తొందరగా పడుకున్నవాడే తక్కువ ఖర్చు పెట్టినట్టు.

అయినా ఈ పందెం గెలిచినందుకు వచ్చే బహుమతి ఎంత? 50 వాట్-అవర్లంటే 1,80,000 జౌళ్లు. రోజుకు పది సినిమాలు కాపీ చేసినా సాటాకూ ఎన్‌వీఎంఈకీ తేడా 330 జౌళ్లు, బ్యాటరీలో అర శాతం కూడా లేదు. పైగా ఇంటి ఇంటర్నెట్ 100 ఎంబీపీఎస్ అయితే డౌన్‌లోడ్ వచ్చేది సెకనుకు పన్నెండున్నర ఎంబీ. అంత సన్నటి ధారకు ఏ డ్రైవ్ అయినా ఒకటే. అలాంటప్పుడు కూడా పనికొచ్చేది మళ్లీ ఆ పాత గుణమే: రెండు చినుకుల మధ్య దొరికిన సందులో డ్రైవ్ కునుకు తీస్తుందా, నిటారుగా కూర్చుంటుందా అన్నది.

జెన్ 5 మాత్రం ప్రస్తుతానికి వేరే కోవ. 2023లో మొదట వచ్చిన జెన్ 5 డ్రైవ్‌లలో ఎక్కువ భాగం ఫైసన్ ఈ26 కంట్రోలర్ (డ్రైవ్‌కు మెదడు లాంటి చిప్) మీద నడిచాయి. 12 నానోమీటర్ల తయారీ, పూర్తి వేగంలో పది వాట్లు దాటే ఆకలి, నెత్తిన దిమ్మెలాంటి హీట్‌సింక్. కొన్నిటికి చిన్న ఫ్యాన్ కూడా. అవి డెస్క్‌టాప్ కోసం పుట్టినవి. తర్వాత సిలికాన్ మోషన్ ఎస్‌ఎం2508 లాంటి 6 నానోమీటర్ల కంట్రోలర్లు వచ్చాక జెన్ 5 ల్యాప్‌టాప్ గడప తొక్కగలిగింది. అయినా పలుచటి ల్యాప్‌టాప్‌లో, మే నెల బెజవాడ ఎండలో, ఏసీ లేని గదిలో, సెకనుకు 14 జీబీ ఎవరికి కావాలో అర్థం కాదు. డ్రైవ్ వేడెక్కితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, ఆ వేడి పక్కనున్న ప్రాసెసర్ ఫ్యాన్‌ను కూడా లేపుతుంది. ల్యాప్‌టాప్ స్లాట్ జెన్ 3 లేదా జెన్ 4 అయితే జెన్ 5 డ్రైవ్‌కు పెట్టిన డబ్బుకు వేగమూ దక్కదు, చల్లదనమూ దక్కదు.

ఏది చూసి కొనాలి

కంట్రోలర్ ఎంత సన్నటి తయారీ మీద పుట్టింది, దాని నుంచి ఫ్లాష్ చిప్‌లకు ఎన్ని చానెళ్లు (దారులు) ఉన్నాయి, పక్కన డీర్యామ్ చిప్ (డ్రైవ్ సొంత ర్యామ్) ఉందా అన్నవి వాడకాన్ని నిర్ణయిస్తాయి. ల్యాప్‌టాప్ వరకు నాలుగు చానెళ్ల కంట్రోలర్ ఎనిమిది చానెళ్లదానికంటే సాధారణంగా పొదుపరి. ఎస్‌కే హైనిక్స్ 2020లో తెచ్చిన గోల్డ్ పీ31 దీనికి మంచి ఉదాహరణ. నాలుగే చానెళ్లు, 128 పొరల టీఎల్‌సీ (గదికి మూడు బిట్లు దాచే ఫ్లాష్), జెన్ 3 లింక్. పోటీదారుల ఎనిమిది చానెళ్ల డ్రైవ్‌లతో సమానంగా పరుగెత్తి, వాట్‌కు ఎన్ని ఎంబీ కదిలాయన్న కొలతలో అప్పటి రివ్యూల్లో మిగతావాటిని చాలా వెనక్కి నెట్టింది. మొదట అమెరికాలో అమెజాన్ ద్వారా అమ్మారు కాబట్టి అక్కడున్న మనవాళ్ల ల్యాప్‌టాప్‌లలోకి అది ముందు చేరింది.

డీర్యామ్ లేని డ్రైవ్ అంటే నాసిరకం అని ఇప్పటికీ ఒక అభిప్రాయం ఉంది. సాటా కాలంలో అది నిజం. ఎన్‌వీఎంఈలో డ్రైవ్ కంప్యూటర్ ర్యామ్ నుంచే కొన్ని పదుల ఎంబీలు అప్పు తీసుకుని, ఏ డేటా ఎక్కడుందో రాసుకునే తన చిట్టా అక్కడ పెట్టుకోగలదు. హోస్ట్ మెమరీ బఫర్ అంటారు. మామూలు వాడకంలో తేడా తెలియదు, సొంత డీర్యామ్ చిప్‌కు పోయే కరెంటు మిగులుతుంది. డబ్ల్యూడీ ఎస్ఎన్770, సామ్‌సంగ్ 990 ఈవో ఈ కోవలోవే. ఆఫీసు పనికి, చదువుకు, సినిమాలకు ల్యాప్‌టాప్ కొనుక్కున్నవాళ్లకు డీర్యామ్ లేని మంచి టీఎల్‌సీ డ్రైవ్ సరిగ్గా సరిపోతుంది. క్యూఎల్‌సీ (గదికి నాలుగు బిట్లు) డ్రైవ్ ధర తక్కువే గానీ పెద్ద ఫైళ్లు రాశాక తాత్కాలిక కాష్‌లోంచి అసలు గదుల్లోకి సర్దుకోవడానికి ఎక్కువసేపు మేలుకుంటుంది. వంట అయ్యాక గిన్నెలు తోమినట్టు ఆ పని వెనకాల జరుగుతూనే ఉంటుంది. చదవడమే ఎక్కువ, రాయడం తక్కువ అయితే పట్టించుకోనక్కర్లేదు.

కంపెనీ ప్రకటనల్లో "పొదుపు" అన్న మాటను కాస్త తిరగేసి చూడాలి. 990 ఈవోను 2024 జనవరిలో విడుదల చేస్తూ సామ్‌సంగ్ అది 970 ఈవో ప్లస్ కంటే 70 శాతం దాకా పొదుపైనదని చెప్పింది. ఇలాంటి శాతాలు సాధారణంగా డ్రైవ్ పరుగెత్తుతున్నప్పుడు వాట్‌కు ఎన్ని ఎంబీ కదిలాయన్న లెక్కలో వచ్చేవి. రోజంతా ఊరికే ఉండే డ్రైవ్‌కు ఆ శాతం వర్తించదు. రివ్యూలలో ఐడిల్ పవర్ పట్టిక చూసేటప్పుడు కూడా ఒక మెలిక ఉంది. చాలామంది రివ్యూయర్లు కొలిచేది డెస్క్‌టాప్ మీద. అక్కడ ఏఎస్‌పీఎం ఆపి ఉంటే మంచి డ్రైవ్ కూడా అర వాట్ పైనే చూపిస్తుంది. 2024లో మూతపడిన ఆనంద్‌టెక్ వెబ్‌సైట్ ఈ విషయంలో ఆదర్శం: పొదుపు ఆపినప్పుడు ఎంత, డెస్క్‌టాప్ నిద్రలో ఎంత, ల్యాప్‌టాప్ నిద్రలో ఎంత అని మూడు వేర్వేరు అంకెలు ఇచ్చేది. ఇప్పుడు ఏ రివ్యూ చదివినా ఏఎస్‌పీఎం ఆన్‌లో ఉండగా కొలిచిన అంకె ఉందా అని ముందు వెతకాలి. అది లేకపోతే ఆ పట్టికను దాటేయడమే.

అన్నిటికన్నా నమ్మకమైన ఆధారం మాత్రం తన మోడల్ ల్యాప్‌టాప్‌లో కంపెనీ స్వయంగా ఏ డ్రైవ్‌లు వేసి అమ్ముతోందో చూడటం. ఆ జంటను కంపెనీ బ్యాటరీ పరీక్షలు పెట్టి చూసి ఉంటుంది. షాపు డ్రైవ్ ఎంత గొప్పదైనా ఆ బయోస్‌తో దానికి పొత్తు కుదరకపోవచ్చు. లినక్స్ కెర్నెల్ కోడ్‌లో ఫలానా డ్రైవ్‌ను గాఢనిద్రకు పంపొద్దు, పంపితే లేవదు అని మోడళ్లవారీగా మినహాయింపుల జాబితాయే ఉంది. అందులో పేరున్న కంపెనీలవీ ఉన్నాయి. అచ్చంగా అదే డ్రైవ్ వేరే మెషిన్‌లో హాయిగా నిద్రపోతుంది. మ్యాక్‌బుక్ వాళ్లకు ఈ తలనొప్పి లేదు, ఎంచుకునే వీలూ లేదు. యాపిల్ చిప్‌లలో స్టోరేజ్ కంట్రోలర్ ప్రాసెసర్ లోపలే ఉంటుంది, ల్యాప్‌టాప్‌లలో ఫ్లాష్ బోర్డుకు అతికే వస్తుంది.

డ్రైవ్ వేశాక

విండోస్‌లో పాత కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్లలో పీసీఐ ఎక్స్‌ప్రెస్ కింద లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్ అని ఒకటుంటుంది. కొన్ని మోడళ్లలో అది కనిపించదు. కనిపిస్తే, బ్యాటరీ మీద ఉన్నప్పటి గడిలో గరిష్ఠ పొదుపు ఎంచుకోవాలి. గేమ్ వేగం కోసం యూట్యూబ్ వీడియో చూసి ఎప్పుడో దాన్ని ఆఫ్ చేసి మరచిపోయినవాళ్లు తక్కువేం కాదు. బయోస్‌లో ఏఎస్‌పీఎం ఆపి ఉంటే విండోస్‌లో ఏం మార్చినా దండగ. ఆ తర్వాత డ్రైవ్ ఫర్మ్‌వేర్, అంటే డ్రైవ్ లోపలి సాఫ్ట్‌వేర్. నిద్ర సరిగా పట్టని జబ్బును కంపెనీలు చాలాసార్లు ఫర్మ్‌వేర్‌తోనే నయం చేస్తాయి. లినక్స్‌లో పవర్‌టాప్ అనే టూల్ నడిపిస్తే ప్యాకేజీ ఏ మెట్టు మీద ఎంత శాతం సమయం గడుపుతోందో నేరుగా కనిపిస్తుంది. ఖాళీగా వదిలేసినా పీసీ8, పీసీ10 వరుసల్లో సున్నాలే ఉంటే ఎవరో లోయర్ బెర్త్ మీద కూర్చున్నట్టే. అది ఎస్‌ఎస్‌డీయే కానక్కర్లేదు. ఎస్‌డీ కార్డ్ రీడర్, పెట్టి మరచిపోయిన పెన్‌డ్రైవ్, ఎక్స్‌టర్నల్ డిస్క్ కూడా ఆ పని చేయగలవు.

8 జీబీ ర్యామ్‌తో నలభై ట్యాబులు తెరిచి పెట్టుకునే మెషిన్‌లో డ్రైవ్‌కు నిద్ర ఎలాగూ రాదు, ర్యామ్‌లో పట్టనిది నిమిషానికి పదిసార్లు డ్రైవ్ మీదికి దించుతూ ఎక్కిస్తూ ఉంటుంది కాబట్టి. అక్కడ ఖరీదైన ఎస్‌ఎస్‌డీ కంటే ఇంకో 8 జీబీ ర్యామ్ ఎక్కువ బ్యాటరీ మిగులుస్తుంది.

పరీక్ష మాత్రం సులువు. రాత్రి పడుకునే ముందు చార్జర్ తీసి, శాతం చూసి, మూత మూయాలి. పొద్దున మళ్లీ చూడాలి. నాలుగైదు శాతం దిగితే డ్రైవ్ నిద్రపోతోంది. ఇరవై దాటితే విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ కమాండ్‌ను స్లీప్‌స్టడీ స్విచ్‌తో నడిపితే, రాత్రంతా ఎవరు మేలుకున్నారో పేర్లతో సహా రిపోర్ట్ ఇస్తుంది. కాకపోతే కొంత విండోస్ తీరు వల్ల, కొంత వైఫై వల్ల కూడా దిగొచ్చు కాబట్టి, పాత డ్రైవ్ ఇంకా లోపల ఉండగానే ఒక రాత్రి ఇదే పరీక్ష చేసి ఆ శాతం రాసిపెట్టుకోవాలి. రెండో రాత్రి పరీక్ష కొత్త డ్రైవ్‌తో, దాని రిటర్న్ గడువు తీరకముందే.